పదిగంటల పొద్దు

నా భార్య రెడ్డెమ్మను చంపింది ఆమె తమ్ముడు మునిచంద్ర. ఇది అనుమానం కాదు. దుఃఖంలో నోరు జారి అన్న మాట కూడా కాదు. జరిగిన సంగతి. సాక్షులు కావాలంటే హాలు నిండా ఉన్నారు. కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టారు.

మునిచంద్ర మంచివాడని మా ఊళ్లో అందరూ అంటారు. నేనూ కాదనను. మంచివాళ్లు చంపరని ఎవరు చెప్పారు?

మాది గుట్టకిందపల్లె. మదనపల్లె నుంచి బెంగళూరు పోయే దారికి కొంచెం ఎడంగా ఉంటుంది. మా పంట చామంతి. రాత్రిపూట బస్సులో పోయేవాళ్లు మా పొలాలు చూసి ఏదో జాతర జరుగుతోందనుకుంటారు. మడి మడికీ తీగలు లాగి బల్బులు వేలాడదీస్తాం. రాత్రి పొడవైతే చామంతి మొగ్గ వేస్తుంది. బల్బు వెలుగుతుంటే ఇంకా పగలే అనుకుని ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది. పండగకు పూలు కావాలంటే వెనక్కి లెక్క వేసుకుని, ఒక రోజు ఎంచుకుని, బల్బులన్నీ ఒకేసారి ఆపేస్తాం. కొన్ని వారాలకు మడంతా కలిసి విచ్చుకుంటుంది. ఒక మొక్క ముందు, ఒక మొక్క వెనక అని ఉండదు. మొక్కను మోసం చేసి బతికేవాళ్లం మేము. మునిచంద్ర ఆ బల్బుల కిందే పెరిగాడు.

తల్లి పోయేనాటికి వాడికి పాలపళ్లు కూడా ఊడలేదు. రెడ్డెమ్మ నాతో కాపురానికి వస్తూ వాడిని చంకనేసుకుని వచ్చింది. మాకు పిల్లలు పుట్టలేదు. వాడే పెరిగాడు మా ఇంట్లో. నేను మా ఊరి బడితో ఆపేశాను. వాడిని ఆపలేదు. వాడు ఎక్కడెక్కడో చదివాడు. మనిషి ఒంట్లో ఉండే గడియారం గురించి చదివానని చెప్పాడు. తిరిగొచ్చాక మా గుట్ట మీద మూతబడి ఉన్న పాత శీతల గిడ్డంగిని తీసుకున్నాడు. దానికి కిటికీలు లేవు. వాడికి కావలసింది అదే. లోపల ప్రయోగశాల పెట్టాడు.

రెడ్డెమ్మకు ఉబ్బసం. పగలంతా పూలు కోసేది, మూటలు మోసేది, నాతో పోట్లాడేది. తెల్లారుజాముకు మాత్రం లేచి మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని కూర్చునేది. మెడ నరాలు తాళ్లలా బిగుసుకునేవి. పొద్దెక్కితే తగ్గిపోయేది. మందులు వాడాం. పీల్చే గొట్టాలు వాడాం. ఏడాదికేడాది ముదిరిందే తప్ప తగ్గలేదు. ఒకసారి పెదవులు నల్లబడితే మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాం. ఇంకోసారి ఇట్లా వస్తే నిలవదని అక్కడి డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

ఆ వారమే మునిచంద్ర మా వసారాలో కూర్చుని చిత్రాన్నం తింటూ అడిగాడు.

"అక్కా, చామంతికి బల్బు ఎందుకు కడతాం?"

"ఇదేం పరీచ్చరా. మొగ్గ రాకుండా."

"ఎందుకు రాదు?"

"పగలే అనుకుంటాది గాబట్టి."

"నీకు ఉబ్బసం ఎప్పుడొస్తాది?"

"తెల్లారుజామున. కోడికంటే ముందు లేస్తాది అది."

"నీ ఒంటికి తెల్లారుజామే రాకపోతే?"

రెడ్డెమ్మ ముఖం పక్కకు పెట్టి చూసింది. "అంటే నన్ను మడిలో నాటి బల్బు కడతావా?"

"అంతే."

"పూలు పూసేదాన్ని గాదురా నేను. ఎరగడ్డలు దంచేదాన్ని."

ముగ్గురం నవ్వాం. నేను ఒక్కటే అడిగాను. "ఆపాలనుకుంటే ఎట్ల రా?"

"ఆపాలంటే ఆపేసేదే బావా," అన్నాడు వాడు, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ.

వాడి దీపం చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు. తలుపు రెక్కంత పలక. నిమ్మతొక్క వేసిన నీళ్ల రంగులో వెలుగుతుంది. కంటికి కనపడేది కొంచెమే, పనిచేసేది కనపడనిది అని చెప్పాడు. రెప్పలు మూసినా లోపలికి దిగుతుంది. దాని కింద పడుకున్న మనిషి ఒళ్లు ఒక గంట దగ్గర ఆగిపోతుంది. ఏ గంట దగ్గర ఆపాలో మీట తిప్పి పెట్టుకోవచ్చు. రెడ్డెమ్మకు పొద్దున పదిగంటలు పెట్టారు. ఆ వేళకు ఆమె ఊపిరి ఎప్పుడూ బాగుండేది.

గిడ్డంగిలో ఒక గది ఇచ్చారు. ఫర్హానా అని కడప అమ్మాయి, ఆమె కూడా డాక్టరే, మునిచంద్రతో కలిసి పనిచేసేది. రక్తం తీయడం, ఒంటి వేడి చూడటం ఆమె పని. అందరి ఒంటి వేడీ రాత్రికి దిగి పగటికి ఎక్కుతుందట. తెరమీద గీత అలలా పోతుంది. రెడ్డెమ్మ గీత రోజురోజుకీ చదునవుతూ వచ్చింది. చివరికి స్కేలు పెట్టి గీసినట్టు నిలబడింది. మునిచంద్ర ఆ గీతను చూసి అక్క కాళ్లకు మొక్కాడు.

ఆ తెల్లారుజామున ఉబ్బసం రాలేదు. మర్నాడూ రాలేదు. తర్వాత ఇక రాలేదు.

నిజం చెప్పడానికి నాకేం భయం లేదు. ఆ దీపం పనిచేసింది. రెడ్డెమ్మ గుట్ట దిగి ఇంటికొచ్చిన రోజు పూలమూట నెత్తిన పెట్టుకుని మళ్లీ గుట్ట ఎక్కి దిగింది, ఊరికే, నాకు చూపించడానికి. అలుపు లేదు. ఆవులింత లేదు. పెళ్లయినప్పటి నుంచి ఆమెను అట్లా చూడలేదు. ఇంట్లో మంచం మీద పలక బిగించారు. పొలానికి పోయేటప్పుడు నుదుటికి కట్టుకోవడానికి అదే వెలుగు ఇచ్చే పట్టీ ఇచ్చారు. ఒక్క పూట కూడా తీయకూడదన్నారు. ఆ వెలుగులో నాకు నిద్ర పట్టదు. నేను వసారాలోకి మారాను. ఆమె కళ్లు మూసుకుని కాసేపు పడుకునేది, బస్సులో కునికినట్టు. లేచి చాటలో బియ్యం వేసుకుని కూర్చునేది.

మొదట తేడా తెలిసింది తిండిలో. రాత్రి సంగటి ముద్ద చేసి నాకు పెట్టేది. తాను తినేది కాదు. దోసె పోసుకుని చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి వేసుకునేది. "ఈ పొద్దప్పుడు ముద్ద ఎట్ల దిగుతాదయ్యా," అనేది. బయట చీకటి.

తర్వాత బొటనవేలు. పూలు కోస్తుంటే కత్తెర తగిలింది. చిన్న గాయం. అది చీము పట్టలేదు, మానలేదు. కోసిన గడియలో ఎట్లా ఉందో అట్లాగే ఎర్రగా ఉండిపోయింది. ఫర్హానా చూసి ముఖం మార్చుకుంది. మానే పని ఒళ్లు రాత్రిపూట చేస్తుందని చెప్పింది. మునిచంద్ర కట్టు కట్టి, "ఉబ్బసం కంటే ఇది మేలు గదా అక్కా," అన్నాడు. అక్క ఔనంది.

ఆ తర్వాత ఎంగమ్మ పోయింది.

ఎంగమ్మ మా పక్కింటామె. పాపన్న భార్య. ఆమె, రెడ్డెమ్మ చెరొక సాలు పట్టుకుని ఒకరినొకరు తిట్టుకుంటూ పూలు కోసేవాళ్లు. గుండె ఆగి పోయింది. రెడ్డెమ్మ శవం మీద పడి ఏడ్చింది. ఎవరైనా ఏడుస్తారు. మర్నాడు కూడా అట్లాగే ఏడ్చింది. దినాలు అయ్యాయి. ఊరు పనిలో పడింది. రెడ్డెమ్మ మాత్రం మొదటిరోజు ఏడుపే ఏడుస్తోంది. గొంతు తగ్గదు. పాపన్న ఇంటి ముందుకు పోయి, గుమ్మం పట్టుకుని, అప్పుడే కబురు విన్నట్టు ఏడుస్తుంది.

పాపన్న నా దగ్గరికి వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు. నిలబడే మాట్లాడాడు.

"చెంగప్పా, నీ పెండ్లాం వచ్చి ఏడ్చినప్పుడల్లా నా పెండ్లాం మళ్లా చస్తా ఉండాది. నేను బతకల్లా వద్దా?"

"చెప్తాలే అప్పా."

"చెప్పేదేమి ఉండాది. మనిషికి బుద్ధి పోయింటే కట్టేసి పెట్టుకో. పోకుంటే నోరు మూయించు."

రెడ్డెమ్మ లోపల వింది. పాపన్న పోయాక వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది. నుదుటి మీద ఆ నిమ్మరంగు వెలుగు.

"పొద్దున పోయింది మనిషి. ఏడిస్తే తప్పా?"

"మే, ఎంగమ్మ పోయి నెల దాటిపోయింది."

"నాకు తెలుసయ్యా. బుద్ధి పోలేదు నాకు. దినాలకు వడలు కాల్చింది నేనే గదా. లెక్క తెలుసు. కానీ అది పొద్దున జరిగింది. మునిగాడు నా వేలు కట్టింది పొద్దున. నేను మూట ఎత్తుకుని గుట్ట ఎక్కి దిగింది పొద్దున. అన్నీ పొద్దున్నే ఉండాయి. ఒకటీ వెనక్కి పోలేదు."

అప్పుడు నాకు కోపం వచ్చింది. "నీ తమ్ముడు నిన్ను బోనులో ఎలుకను జేసినాడు," అన్నాను.

తమ్ముడిని అంటే ఊరుకునే మనిషి కాదు. నా తాత ముత్తాతల దాకా తిట్టింది. మేము పోట్లాడుకోవడం కొత్త కాదు. అంతకుముందు ఎంత పెద్ద పోట్లాట అయినా ఆమె పడుకుని లేచేది. పొద్దున్నే గ్లాసు తెచ్చి నా పక్కన టక్కుమని పెట్టి, "తాగు, సల్లారిపోతాది," అనేది. అంతటితో అయిపోయేది. మర్చిపోయేది ఆమె. నేను ఎప్పుడూ మర్చిపోను. నా తత్వం అది. మా సంసారం నిలబడింది ఆమె మరుపు మీద.

ఈసారి ఆమెకు మర్నాడు లేదు. ఆ కోపం అట్లాగే పచ్చిగా ఉండిపోయింది. వారాలు గడిచినా నన్ను చూస్తే ముఖం అప్పుడే తిట్టు పడినట్టు ఎర్రబడేది. ఆ కోపం వద్దనుకునేది. ఆమె వద్దనుకోవడం నాకు కనపడేది. ఐనా చేతకాలేదు. నిద్ర అంటే అలుపు తీరడమే అనుకునేవాణ్ని. ఇంత పని చేస్తుందని తెలియదు.

ఒకరోజు ఆమే అంది, నా ముఖం చూడకుండా.

"మునిగానికి చెప్పు, నన్ను ఆపమని. ఉబ్బసం వస్తే రానీ. చస్తే చస్తా. నాకు రాత్రి గావల్ల."

ఇద్దరం గుట్ట ఎక్కాం. మునిచంద్ర తెర ముందు కూర్చుని ఉన్నాడు. అక్క మాట విన్నాడు. ఆమె చెయ్యి తీసుకుని బుగ్గకు ఆనించుకున్నాడు.

"ఆపుదాంలే అక్కా. దసరాకు ముందు ఈ దీపం చూసేదానికి ఢిల్లీ నుంచి పెద్దోళ్లు వస్తా ఉండారు. వాళ్ల ముందర ఆపుదాం. నిల్పడం ఒక్కటే గాదు, వదలడం కూడా మన చేతిలోనే ఉండాదని చూడల్ల వాళ్లు."

"ఇప్పుడే ఆపు," అన్నాను.

"ఎవరూ చూడకముందే పూసేస్తే ఆ పువ్వు మార్కెట్టుకు పనికిరాదు బావా."

అక్క పక్కనే ఉంది. ఆమె వింటుండగానే అన్నాడు ఆ మాట. తమాషాకు అన్నాడు. వాడికి అది తమాషా.

నేను లేచి గోడకున్న పెద్ద మీట దగ్గరికి పోయాను. దాన్ని దించితే ఆ గది, మా ఇంటి పలక, పట్టీ అన్నీ ఒక్కసారే ఆరిపోతాయి. చెయ్యి వేశాను. ఫర్హానా పరిగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"వద్దు మామా. అట్ల తీయొద్దు. ఇన్నాళ్లు పట్టి పెట్టిన ఒంటిని ఒక్కసారి వదిలితే ఏమవుతుందో మాకే తెలీదు. రోజూ కొంచెం కొంచెం తగ్గించాలి. నెమ్మదిగా."

వెనక నుంచి మునిచంద్ర అన్నాడు. "మేడమ్, మీకు చామంతి తెలీదు. బల్బులు కొంచెం కొంచెం తగ్గిస్తే మడి చెడిపోతాది. ఒకటి పూస్తాది, ఒకటి మాడతాది. ఆపితే ఒక్కసారే ఆపల్ల."

"ఈమె చామంతి కాదు సార్."

"ఎలుకలకు ఒక్కసారే ఆపినాం. చక్కగా నిద్రపోయి లేచి పరిగెత్తినాయి."

"అవి నాలుగు రోజులు ఉన్నాయి ఆ వెలుగులో. మీ అక్క ఎండాకాలం నుంచి ఉంది."

ఫర్హానా వాడినే చూస్తూ నిలబడింది. చివరికి వాడు ఒప్పుకున్నాడు. రోజూ కొంచెం తగ్గిస్తానన్నాడు. పండగ నాటికి మెల్లగా రాత్రి వస్తుందన్నాడు. నమ్మకం లేక నేను మీట వదల్లేదు. అప్పుడు వాడు అక్క తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. నేను మీట వదిలాను.

తగ్గించడం మొదలుపెట్టాడు. ఆ మాట నిజమే. కొన్నాళ్లకు రెడ్డెమ్మకు అక్కడక్కడా ఆయాసం తగిలింది. మధ్యాహ్నం పూట జ్వరం. తెరమీద గీత మళ్లీ కదిలింది, కానీ అలలా కాదు, కోడి గీరినట్టు. అట్లాగే ఉంటుంది, ఓపిక పట్టాలి అంది ఫర్హానా. మునిచంద్రకు ఆ గీతలో చెడిన మడి కనపడింది. కొన్ని పూసి, కొన్ని మాడి, పెద్దవాళ్లు వచ్చేసరికి చూపించడానికి ఏమీ లేని మడి. ఫర్హానాను పరికరాల పనిమీద బెంగళూరు పంపాడు. ఆమె పోగానే దీపాన్ని మళ్లీ నిండుగా పెట్టేశాడు. ఈ సంగతి మాకు ఆ తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో ఆయాసం తగ్గితే రెడ్డెమ్మ ఏమనుకుందంటే, రాత్రి దగ్గరికి వస్తోంది అనుకుంది.

గిడ్డంగిలో పెద్ద హాలు సిద్ధం చేశారు. నాకు కొత్త పంచె ఇచ్చారు. ముందు వరసలో కూర్చోబెట్టారు. రెడ్డెమ్మను చేతుల కుర్చీలో కూర్చోబెట్టి పైన పలక పెట్టారు. ఆమె వెనక గోడమీద ఆమె ఒంటి గీత, మనిషికంటే పెద్దగా. ఢిల్లీ వాళ్లు వచ్చారు. మునిచంద్ర ఇంగ్లీషులో మాట్లాడాడు, తర్వాత తెలుగులో. పదిగంటల దగ్గర ఆగిపోయిన మనిషిని చూస్తున్నారు, ఇప్పుడు సాయంత్రాన్ని పంపుతాను అన్నాడు.

నేను లేచాను. "తగ్గిస్తానంటివే," అన్నాను, అందరికీ వినపడేట్టు.

"కూర్చో బావా," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. విదిలించుకుని వాడివైపు పోయేలోపు వాడు మీట దించాడు.

నిమ్మరంగు పోయింది. హాల్లో మామూలు మసక మిగిలింది. రెడ్డెమ్మ రెండు కళ్లూ ఆర్పింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవులించింది.

అందరూ చప్పట్లు కొట్టారు.

గోడమీద గీత కిందికి జారింది. ఆమె తల పక్కకు వాలింది. ఎండాకాలం నుంచి రాని నిద్ర. మునిచంద్ర కళ్లు తుడుచుకుంటున్నాడు. ఢిల్లీ వాళ్లలో ఒకాయన వాడిని కౌగిలించుకున్నాడు. నేను ఆమె కాళ్ల దగ్గర నేలమీద కూర్చున్నాను. నాకు ఆ గీతలు తెలియవు. ఆమె అరికాళ్లు పట్టుకున్నాను. ఒకటి వేడిగా ఉంది. ఒకటి చల్లగా ఉంది.

సాయంత్రానికి లేచింది. ఇంటికి తెచ్చాం. మంచం మీద కూర్చుని చాలాసేపు తన బొటనవేలునే చూసుకుంది. గాయం చుట్టూ అప్పుడే కొంచెం వాపు మొదలైంది.

"ఎంగమ్మ పోయింది నిన్ననా?" అంది.

నిన్న అనే మాట ఆమె నోట విని ఎన్ని నెలలైందో.

"నిన్న కాదు మే. శానా నాళ్లయింది."

"ఇంత జరిగిందా." నా వైపు తిరిగింది. "మనం కొట్లాడుకున్నామా?"

"లేదు."

"కొట్లాడినాం. నేనే ఎక్కువ మాట్లాడినా." చీర కొంగు సర్దుకుని లేవబోయింది. "కాఫీ తాగినావా నువ్వు?"

లేవలేకపోయింది. అదే ఆమె నాతో సరిగా మాట్లాడిన ఆఖరు.

చీకటి పడే వేళకు ఫర్హానా బెంగళూరు నుంచి వచ్చింది. రక్తం చూసింది. మునిచంద్రను బయటికి పిలిచి ఏమందో నాకు వినపడలేదు. నాకు మాత్రం దాచకుండా చెప్పింది. మనిషి ఒంట్లో గడియారం ఒక్కటి కాదంది. గుండెకు ఒకటి, ఊపిరితిత్తులకు ఒకటి, కాలేయానికి ఒకటి. అన్నీ ఒకే పొద్దును చూసి నడుస్తాయి. ఆ పొద్దును ఇన్నాళ్లు ఆపి, ఒక్కసారి వదిలేసరికి ఒక్కొక్కటి ఒక్కో గంట నుంచి నడక మొదలుపెట్టింది. ఆమె గుండెకు అర్ధరాత్రి. కడుపుకు మధ్యాహ్నం.

"ఊపిరికి?" అని అడిగాను.

"ఇంకా తెలీదు మామా," అంది.

మళ్లీ దీపం పెట్టి చూశారు. పట్టుకోలేదు. అన్నం నోట్లో పెట్టుకుని నిద్రపోయేది. నిద్రలో ఆకలని ఏడ్చేది. చెమటలు పట్టేవి, వెంటనే వణికేది. మునిచంద్ర మంచం పక్క నుంచి కదల్లేదు. నేను వాడిని పొమ్మనలేదు. వాడు అక్కడ ఉన్నట్టే నేను చూడలేదు.

ఆ వారంలోనే, నడినెత్తిన ఎండ కాస్తుండగా, ఆమె లేచి మంచం పట్టె రెండు చేతులా పట్టుకుంది. మెడ నరాలు తాళ్లలా బిగుసుకున్నాయి. ఆమె ఊపిరికి అది తెల్లారుజాము. ఇన్నాళ్లు రాని తెల్లారుజాములన్నీ కలిసి వచ్చాయో ఏమో, ఆసుపత్రి బండి గుట్ట మలుపు తిరిగేసరికి అయిపోయింది.

ఆమెను మట్టి చేసి వచ్చిన మర్నాడు నా పొలంలో బల్బులన్నీ పీకి గట్టున పోశాను. పాపన్న గట్టు మీద నిలబడి చూశాడు.

"పండగకు పూలు లేకుంటే ఏమి తింటావప్పా?"

"అవి పూసినప్పుడు తింటా."

"పండగ రాకముందే పూసి రాలిపోతాయి. ఎవడు కొంటాడు?"

"కొనకుంటే నువ్వొచ్చి వాసన చూసిపో."

నాకు పిచ్చి పట్టిందని ఊరంతా చెప్పుకుంది. చెప్పుకోనీ. అప్పటి నుంచి నా మడికి రాత్రి వస్తుంది.

విచారణ కమిటీ అని వేశారు. అది కూర్చోవడానికి ముందు మునిచంద్ర ఇంటికి వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. వసారా కింద నిలబడ్డాడు.

"బావా, అక్క ఆపమని అడిగింది గదా. ఆ మాట చెప్పు చాలు. ఆమె అడిగింటేనే ఆపినానని."

"అడిగింది. నువ్వు ఆపలేదు."

"ఆ తర్వాత ఆపినాను గదా."

"ఆమె అడిగిన రోజు ఆపలేదు. ఫర్హానా చెప్పినట్టు ఆపలేదు. నీకు జనం వచ్చిన రోజు ఆపినావు."

"నా జీవితం పోతాది బావా. ఈ దీపం పోతాది. ఎంతమంది ఉబ్బసాలు, ఎంతమంది తెల్లారుజాము గుండెపోట్లు ఆపొచ్చో నీకు తెలీదు. అక్కకు కూడా అదే గావల్ల."

"అక్కకు గావల్సింది నాకు చెప్పింది. రాత్రి."

కమిటీ ముందు కూడా ఇంతే చెప్పాను. వాళ్లలో ఒకాయన కళ్లజోడు తీసి, "మీరు దుఃఖంలో ఉన్నారు, కొంచెం ఆలోచించి చెప్పండి," అన్నాడు. "నాకు ఆలోచన ఉంది. మీకు చెవులున్నాయా?" అన్నాను. ఫర్హానా కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమె ఉద్యోగం పోయింది. కమిటీ వాళ్లు మాత్రం ముందుగా ఊహించలేని పరిణామం అని తేల్చారు. ఊహించి చెప్పిన మనిషి వాళ్ల ఎదురుగానే కూర్చుని ఉంది.

ఇప్పుడు ఆ దీపం ఆసుపత్రుల్లో ఉంది. ఎక్కువ రోజులు పెట్టరు. తీసేటప్పుడు రోజూ కొంచెం కొంచెం తగ్గిస్తారు. ఆ తగ్గించే తీరుకు రెడ్డెమ్మ పద్ధతి అని పేరు పెట్టారు. ఆమెకు చేయని పనికి ఆమె పేరు. జనం బాగుపడుతున్నారట. బాగుపడనీ. దానివల్ల బతికినవాళ్లను నా ముందు వరసగా నిలబెట్టినా నా లెక్క మారదు. వాళ్లతో నాకు పగ లేదు. వాళ్లు నా బాకీ తీర్చేవాళ్లూ కాదు.

మునిచంద్రకు పెద్ద పదవి వచ్చింది. శాలువాలు కప్పారు. ఏడాదికొకసారి అక్క పోయిన రోజు వస్తాడు. కారు దూరంగా ఆపి నడిచి వస్తాడు. లోపలికి రమ్మనను. అరుగు కింద కూర్చుంటాడు. నేను పూలు గుచ్చుకుంటూనో, పార సరిచేసుకుంటూనో నా పని చేసుకుంటాను. మొన్నటిసారి వచ్చినప్పుడు వాడి జుట్టు తెల్లబడింది. చాలాసేపు కూర్చున్నాడు.

"బావా, తిట్టు. ఒక్క మాట తిట్టు. మా అక్క నిన్ను ఎన్నిసార్లు తిట్టి మర్చిపోలేదు. నువ్వూ తిట్టి మర్చిపో."

పార పక్కన పెట్టి వాడి ముఖం చూశాను.

"మునీ, నేను రోజూ నిద్రపోతా ఉండాను. బాగా పోతా ఉండాను. చీకటి పడితే పడుకుంటా, తెల్లారితే లేస్తా. ఐనా నువ్వు మీట దించింది నాకు ఈ పొద్దున జరిగింది. రేపు లేస్తే రేపు పొద్దున జరిగింటాది. నీ దీపం లేకుండానే నేను నిలబెట్టుకుంటా ఉండాను దీన్ని. ఎవడూ తగ్గించలేడు."

వాడు ఏదో అనబోయాడు. చెయ్యెత్తి ఆపాను. కాసేపటికి లేచి పంట్లాముకు అంటిన మన్ను దులుపుకుని పోయాడు. వాడితో అదే నా ఆఖరి మాట.

ఇది రాశాను కాబట్టి ఇంకొకరికి చెప్పే పని లేదు. రేపు ఎవరైనా మా ఊరు వచ్చి నా అరుగు మీద కూర్చుంటే మంచినీళ్లిస్తాను. వాన సంగతి చెబుతాను, పూల ధర చెబుతాను. ఈ సంగతి ఎత్తితే లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంటాను. పత్రికలవాళ్లకైనా అంతే, దేవుడికైనా అంతే. దీని గురించి నేను ఇక ఎప్పటికీ మాట్లాడను. అడగొద్దు.